పట్టా ఉంది.. గుర్తింపు ఏదీ?

కౌన్సెలింగ్ పట్టభద్రులకు కొలువుల కరవు
సుప్రీంకోర్టు ఆదేశించినా తేలని అర్హతల చిక్కు

విజయవాడ: ‘కౌన్సెలింగ్’ అన్న మాట వినగానే బెజవాడ వాసుల్లో అత్యధికులకు స్ఫురించేది ఇంజినీరింగ్ సీట్ల కేటాయింపు. పోలీసు స్టేషన్లలో అదే మాటకు అర్థం రౌడీషీటర్లను పిలిపించి హెచ్చరించి పంపడం. మనసు నలిగినవారి గోడును ఓపికగా విని, తమంతట తాము దారి వెదుక్కునేలా తోడ్పడే నిపుణుడి పని అన్న మూడో అర్థం జనబాహుళ్యంలోకి ఇంకా పూర్తిగా చేరలేదు. ఆ పని కోసం మనస్తత్వశాస్త్రం, కౌన్సెలింగ్ సైకాలజీ, సోషల్ వర్క్ వంటి కోర్సులు చదివి పట్టాలు పుచ్చుకున్న యువతీయువకుల పరిస్థితి నేడు విచిత్రంగా తయారైంది. అవసరం కళ్లెదుటే ఉంది. దేశ అత్యున్నత న్యాయస్థానం ఆదేశమూ ఉంది. కొలువుల ప్రకటనల్లో మాత్రం వారికి చోటు కనిపించదు. ఎవరు కౌన్సెలరో, ఎవరు కారో నిర్ణయించే పట్టిక అమలులోకి రాకపోవడమే ఈ చిక్కుకు మూలకారణం.

ఆదేశానికి మూలం మన రాష్ట్రమే

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023 జులైలో మృతి చెందింది. దర్యాప్తు తీరుపై అనుమానాలు వ్యక్తం చేస్తూ ఆమె తండ్రి చేసిన న్యాయపోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాలతో కూడిన ధర్మాసనం 2025 జులై 25న తీర్పు వెలువరిస్తూ కేసును సీబీఐకి అప్పగించింది. అంతటితో ఆగకుండా దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు జారీ చేసింది. తగిన చట్టం వచ్చేవరకు ఇవే అమలులో ఉంటాయని స్పష్టం చేసింది.

వంద లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థ కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్‌ను గానీ, సైకాలజిస్టును గానీ, సామాజిక కార్యకర్తను గానీ నియమించుకోవాలన్నది వాటిలో కీలకమైనది. అలా నియమితులైన వారికి బాలలు, కౌమారుల మానసిక ఆరోగ్యంపై నిరూపించదగిన శిక్షణ ఉండాలి. వంద లోపు ఉన్న సంస్థలు బయటి నిపుణులతో అధికారిక ఏర్పాటు చేసుకోవాలి. మార్కుల ఆధారంగా బ్యాచ్‌లను విడదీయరాదు. బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇప్పించాలి. ప్రైవేటు కోచింగ్ కేంద్రాల రిజిస్ట్రేషన్‌కు రాష్ట్రాలు నిబంధనలు రూపొందించాలి. అమలును పర్యవేక్షించేందుకు జిల్లా స్థాయిలో కమిటీలు ఏర్పాటు కావాలి.

జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్నవారు 1,70,924 మంది. వీరిలో 13,044 మంది విద్యార్థులు. తీర్పులో ఈ అంకెలను న్యాయస్థానం ప్రస్తావించింది.

కార్పొరేట్ కళాశాలలకు పుట్టినిళ్లలో ఒకటిగా పేరుపడిన విజయవాడకు ఈ తీర్పు నేరుగా వర్తిస్తుంది. ఎనికేపాడు, నిడమానూరు, పోరంకి, గోశాల పరిసరాల్లోని రెసిడెన్షియల్ ప్రాంగణాల్లో వంద మంది అన్నది ఒకటి రెండు తరగతి గదుల లెక్క మాత్రమే. మచిలీపట్నం, గుడివాడ, ఉయ్యూరు, నూజివీడు పట్టణాల్లోని మామూలు పాఠశాలలు సైతం ఆ సంఖ్యను సులువుగా దాటుతాయి. తీర్పును అక్షరాలా అమలు చేస్తే డెల్టాలోని కౌన్సెలింగ్ పట్టభద్రులకు కొలువుల కొరత ఉండరాదు.

అర్హుడు ఎవరు?

చిక్కంతా ‘అర్హుడైన’ అన్న ఒక్క మాట దగ్గరే వచ్చిపడింది. వైద్యుడికి వైద్య మండలి, న్యాయవాదికి బార్ కౌన్సిల్, నర్సుకు నర్సింగ్ కౌన్సిల్ ఉన్నాయి. ఆయా పట్టికల్లో పేరు లేనివారు ఆ వృత్తి చేయరాదు. కౌన్సెలర్‌కు అటువంటి పట్టిక ఆచరణలో కనిపించదు. ఫలితంగా రెండేళ్ల ఎమ్మెస్సీ చదివినవారు, ఏడాది డిప్లొమా చేసినవారు, వారాంతపు తరగతులకు వెళ్లి ధ్రువపత్రం తెచ్చుకున్నవారు ఒకే పేరుతో బోర్డు కట్టుకోగలుగుతున్నారు.

దీనివల్ల యాజమాన్యాలకు సులువైన దారి దొరుకుతోంది. ఉన్న అధ్యాపకుల్లోనే ఒకరికి ‘కౌన్సెలర్’ అన్న అదనపు హోదా తగిలిస్తే కాగితం మీద నిబంధన నెరవేరినట్టే. పొద్దున మార్కులు వేసి, మధ్యాహ్నం ర్యాంకు చదివి వినిపించిన వ్యక్తికే సాయంత్రం విద్యార్థి తన మనసులోని భయం చెప్పుకోవాలి. ఇది జరిగే పని కాదు. చెప్పిన మాట ప్రిన్సిపల్ గదికి చేరదన్న నమ్మకం లేనిదే ఏ విద్యార్థీ నోరు విప్పడు. ఆ గోప్యతను కాపాడడం, విన్నదాంట్లో ప్రమాద సంకేతాన్ని పసిగట్టడం, సకాలంలో మానసిక వైద్యుడి వద్దకు పంపడం.. ఈ మూడూ శిక్షణతో అబ్బే విద్యలు. మంచి మనసు ఒక్కటే వీటికి సరిపోదు.

మూడు చట్టాలు.. ముక్కలైన గుర్తింపు

ఈ రంగాన్ని స్పృశించే కేంద్ర చట్టాలు ప్రధానంగా మూడున్నాయి.

మొదటిది 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం. ఆర్‌సీఐగా పిలిచే ఈ మండలి క్లినికల్ సైకాలజిస్టులు, ప్రత్యేక ఉపాధ్యాయులు, వాక్ శ్రవణ నిపుణులు తదితరుల పేర్లను కేంద్ర పునరావాస పట్టికలో నమోదు చేస్తుంది. నమోదు లేకుండా ఆ వృత్తులు చేపడితే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అయితే ఇది ప్రధానంగా దివ్యాంగుల పునరావాసం కోసం పుట్టిన చట్టం. మామూలు ఎమ్మే, ఎమ్మెస్సీ సైకాలజీ పట్టాతో ఇందులో క్లినికల్ సైకాలజిస్టుగా పేరెక్కదు. మండలి ఆమోదించిన శిక్షణ తప్పనిసరి. రెండేళ్ల ఎంఫిల్ ఇందుకు ప్రధాన మార్గంగా ఉంటూ వచ్చింది. ఆ కోర్సులో ప్రవేశాలకు 2025-26 విద్యాసంవత్సరం వరకే అనుమతి అని యూజీసీ 2024 జనవరిలో ప్రకటించింది. క్లినికల్ సైకాలజీలో ప్రత్యేక డిగ్రీ, పీజీ కోర్సులకు మండలి రూపకల్పన చేసింది.

రెండోది 2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017. మానసిక వైద్యుడు, క్లినికల్ సైకాలజిస్టు, మానసిక ఆరోగ్య నర్సు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఎవరన్నది ఇందులో నిర్వచించారు. కౌన్సెలర్‌కు మాత్రం నిర్వచనం ఇవ్వలేదు.

మూడోది జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం-2021. కౌన్సెలర్ల ఆశలన్నీ దీనిపైనే ఉన్నాయి. ఇందులోని పది విభాగాల్లో ప్రవర్తనా ఆరోగ్య శాస్త్రాలు ఒకటి. సైకాలజిస్టులు, సమీకృత ప్రవర్తనా ఆరోగ్య కౌన్సెలర్లు, హెచ్‌ఐవీ, కుటుంబ నియంత్రణ కౌన్సెలర్లు, వైద్య సామాజిక కార్యకర్తలు ఈ విభాగం కిందకు వస్తారు. ఆరోగ్య సంరక్షణ నిపుణుడిగా గుర్తింపు పొందాలంటే మూడు నుంచి ఆరేళ్ల వ్యవధిలో కనీసం 3,600 గంటల చదువు ఉండాలని చట్టం చెబుతోంది. రాష్ట్రాలు మండళ్లు నెలకొల్పి పట్టికలు నిర్వహించాలి. చట్టం వచ్చి మూడేళ్లు దాటినా పనులు నత్తనడక నడవడంతో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, ఈ సంస్థలను రెండు నెలల్లో ఏర్పాటు చేయాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించవలసి వచ్చింది. చట్టం ఉండడం వేరు, అభ్యర్థి చేతికి నమోదు సంఖ్య అందడం వేరు అనడానికి ఇదే నిదర్శనం.

దూరవిద్యకు తెర

ఈలోగా డెల్టా విద్యార్థులను మరో నిర్ణయం ఇరకాటంలో పెట్టింది. ఉద్యోగాలు చేసుకుంటున్నవారు, గృహిణులు, ఉపాధ్యాయులు ఇంతకాలం దూరవిద్య ద్వారా సైకాలజీ పీజీ చేస్తూ వచ్చారు. విజయవాడలో ప్రాంతీయ కేంద్రం ఉన్న ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) ఎమ్మే సైకాలజీలో కౌన్సెలింగ్‌ను ప్రత్యేకాంశంగా ఎంచుకునే వీలుండేది. 2021 చట్టం పరిధిలోకి వచ్చే సైకాలజీ తదితర కోర్సులను 2025 జులై-ఆగస్టు విద్యాసంవత్సరం నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ విధానాల్లో నిర్వహించరాదని యూజీసీ అదే ఏడాది ఆగస్టులో ఆదేశాలిచ్చింది.

ఎదుటి మనిషి ముఖం చూడకుండా, అనుభవజ్ఞుడి పర్యవేక్షణలో ఒక్క కేసు కూడా నడపకుండా కౌన్సెలర్ తయారు కాలేరన్న వాదనలో బలముంది. ఆ మేరకు నిర్ణయం హేతుబద్ధమే. అయితే తలుపు మూసినవారు మరో తలుపు తెరవాలి కదా అన్న ప్రశ్నకూ అంతే బలముంది. గ్రామీణ ప్రాంతాల విద్యార్థికి, అందునా పెళ్లయి పిల్లలున్న మహిళకు, రెగ్యులర్ తరగతులకు వెళ్లగలిగే దూరంలో ఫీజు భరించగల సైకాలజీ పీజీ దొరకడం కష్టం. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ఆ సీట్లు పెంచకుండా దూరవిద్యను ఆపితే ఈ వృత్తి నగరవాసులకు, స్తోమత ఉన్నవారికి మాత్రమే పరిమితమయ్యే ప్రమాదం ఉంది. అవనిగడ్డ, కైకలూరు ప్రాంతాల్లో పనిచేయవలసింది ఆ ఊళ్ల భాష, బతుకు తెలిసినవారే అన్నది మరువరాదు.

ప్రత్యేక ఉపాధ్యాయులు నేర్పిన పాఠం

పట్టిక ఉంటే ఏం జరుగుతుందో తెలుసుకునేందుకు దూరం వెళ్లనక్కర్లేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించే ఉపాధ్యాయుల విషయంలో సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో తీర్పునిస్తూ ప్రాథమిక స్థాయిలో పది మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ఉండాలని నిష్పత్తి నిర్ణయించింది. వారి అర్హత ఏమిటో పునరావాస మండలి పట్టిక ముందే తేల్చి ఉంచింది. పోస్టులు మంజూరు చేయాలని 2025 మార్చిలో న్యాయస్థానం మరోసారి గట్టిగా చెప్పింది. ఆ వెంటనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు సృష్టించింది. నిష్పత్తి, అర్హత, నమోదు మూడూ స్పష్టంగా ఉన్నందున తప్పించుకునే దారి మిగల్లేదు.

కౌన్సెలర్ల విషయంలో ఈ మూడింటిలో ఏదీ బిగించి లేదు. విద్యార్థుల సంఖ్యకు తగిన నిష్పత్తి పాటించాలని 2025 తీర్పు సూచించినా, అది ఎంతో అంకెల్లో చెప్పలేదు. రెండువేల మంది ఉన్న ప్రాంగణానికీ ఒక్కరు చాలని వాదించే అవకాశం అలాగే మిగిలింది. 2025 ఏప్రిల్‌లో వెలువడిన మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుండగా, కౌన్సెలర్ అన్న కేడరే అందులో లేకపోవడం గమనార్హం.

ఉన్న కొలువులు ఏవి?

అలాగని దారులన్నీ మూసుకుపోలేదు. ప్రభుత్వాసుపత్రుల్లోని హెచ్‌ఐవీ సమీకృత పరీక్ష, సలహా కేంద్రాలు తెలుగునాట చాలామంది సోషల్ వర్క్, సైకాలజీ పట్టభద్రులకు తొలి ఉద్యోగమిచ్చాయి. కౌమార బాలల ఆరోగ్యం కోసం 2014లో ఆరంభమైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం, హింసకు గురైన మహిళల కోసం 2015లో వచ్చిన సఖి వన్ స్టాప్ కేంద్రాలు, జిల్లా బాలల పరిరక్షణ విభాగాలు, మద్యం, మాదకద్రవ్యాల విముక్తి కేంద్రాల్లోనూ వీరికి చోటుంది. కుటుంబ న్యాయస్థానాల్లో కౌన్సెలర్లు ఉండాలని 1984 నాటి చట్టమే చెప్పింది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ-మానస్ సేవల్లో ఫోన్‌లో మాట్లాడే కౌన్సెలర్ల అవసరం ఏర్పడింది. సీబీఎస్‌ఈ అనుబంధ సెకండరీ, సీనియర్ సెకండరీ పాఠశాలల్లో కౌన్సెలర్ నియామకం ఆ బోర్డు నిబంధనల్లోనే ఉంది.

అయితే ప్రభుత్వ పథకాల కింద వచ్చే ఈ కొలువుల్లో అత్యధికం కాంట్రాక్టు పద్ధతిలోనివే. పథకం పొడిగిస్తే కొలువు, లేదంటే ఇంటిదారి. పదోన్నతి ఊసే ఉండదు. ఇక సొంతంగా కేంద్రం తెరవాలంటే జిల్లా కేంద్రాల్లో సైతం ‘మాట్లాడినందుకు డబ్బులా’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. మందుల చీటీ రాసే వైద్యుడికి ఇచ్చే రుసుము, గంటసేపు విన్న కౌన్సెలర్‌కు ఇవ్వడానికి జనం ఇంకా అలవాటు పడలేదు.

అవసరం మాత్రం అడుగడుగునా

జాతీయ మానసిక ఆరోగ్య సర్వే (2015-16) ప్రకారం దేశంలోని వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. రుగ్మత రకాన్ని బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు.

డెల్టాకు తనవైన కారణాలూ ఉన్నాయి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పోటెత్తి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలను ముంచెత్తింది. బియ్యం, పప్పు, నగదు సాయం అందాయి. మళ్లీ మబ్బు పడితే ఉలిక్కిపడే పిల్లల గురించి, కూడబెట్టినదంతా బురదలో కలిసిన గృహస్థు నిద్రలేమి గురించి పట్టించుకునే యంత్రాంగం అంత బలంగా లేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో అయినవారిని పోగొట్టుకున్నవారు ఆ దుఃఖాన్ని మనసులోనే దాచుకుని బతికారు. కౌలు రైతు అప్పుల బెంగ, పిల్లలు అమెరికాలో స్థిరపడగా ఊళ్లో మిగిలిన వృద్ధుల ఒంటరితనం, మద్యం వల్ల చితికిపోతున్న కుటుంబాలు.. వీటిలో అన్నింటికీ మాత్రలు అక్కర్లేదు. నేర్పుగా వినే మనిషి కావాలి.

ఇతర దేశాల్లో ఇలా..

అమెరికాలో కౌన్సెలర్లకు లైసెన్సు ఇచ్చిన మొదటి రాష్ట్రం వర్జీనియా. అది 1976లో. చిట్టచివరగా కాలిఫోర్నియా 2009లో చట్టం చేసింది. మొత్తం దేశం ఒక కొలిక్కి రావడానికి 33 ఏళ్లు పట్టింది. అక్కడ పీజీ పూర్తయ్యాక కూడా రాష్ట్రాన్ని బట్టి రెండు నుంచి నాలుగు వేల గంటల వరకు సీనియర్ల పర్యవేక్షణలో పనిచేసి, పరీక్ష నెగ్గితేనే పూర్తి లైసెన్సు లభిస్తుంది. బ్రిటన్‌లో ‘కౌన్సెలర్’ అన్న పేరుకు చట్టపరమైన రక్షణ లేదు. అయినా వృత్తి సంఘాలు స్వచ్ఛందంగా నడిపే పట్టికల్లో పేరున్నవారికే సంస్థలు ప్రాధాన్యమిస్తాయి. ఈ రెండు దేశాల అనుభవంలోనూ కనిపించేది ఒకటే. పర్యవేక్షణలో చేసిన పని, బహిరంగంగా చూడగల పట్టిక ఉన్నప్పుడే వృత్తికి విలువ వస్తుంది.

చేరేముందు గమనించాల్సినవి

ఈ రంగంలోకి రాదలచిన విద్యార్థులు, తల్లిదండ్రులు ఫీజు కట్టకముందే కొన్ని విషయాలు నిర్ధారించుకోవాలి. కోర్సు యూజీసీ గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయానిదా కాదా, రెగ్యులర్ విధానంలో నడుస్తోందా లేదా చూసుకోవాలి. క్లినికల్ సైకాలజిస్టు కావాలనుకునేవారు ఆ కళాశాల పేరు పునరావాస మండలి ఆమోదిత జాబితాలో ఉందో లేదో పరిశీలించాలి. ‘ప్రభుత్వ గుర్తింపు’ అని కరపత్రంలో ఉంటే, ఏ చట్టం కింద, ఏ సంస్థ ఇచ్చిన గుర్తింపు అన్నది లిఖితపూర్వకంగా అడగాలి. ఆసుపత్రిలో గానీ పాఠశాలలో గానీ ఎన్ని గంటల ఇంటర్న్‌షిప్ ఉంటుందో, దాన్ని ఎవరు పర్యవేక్షిస్తారో తెలుసుకోవాలి. ఆ గంటల లెక్కను, పర్యవేక్షకుల సంతకాలతో సహా భద్రపరచుకుంటే రేపు నమోదుకు దరఖాస్తు చేసే వేళ అక్కరకు వస్తుంది.

ఇప్పటికే ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఎన్‌సీఈఆర్‌టీ నిర్వహిస్తూ వస్తున్న గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా మరో మార్గం. దూరవిద్య, ముఖాముఖి తరగతులు, ఇంటర్న్‌షిప్ అనే మూడు దశలుగా ఏడాదిపాటు ఇది సాగుతుంది. మైసూరులోని ప్రాంతీయ విద్యాసంస్థ దక్షిణాది రాష్ట్రాలకు కేంద్రం.

కమిటీలు కదిలితేనే..

సమస్యంతా ఢిల్లీలోనే తేలాలని చూస్తూ కూర్చోనక్కర్లేదు. సుప్రీంకోర్టు చెప్పిన జిల్లా కమిటీల ద్వారా ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల యంత్రాంగం కొన్ని పనులు వెంటనే చేయగలదు. ప్రతి కళాశాల, కోచింగ్ కేంద్రం తమ కౌన్సెలర్ పేరు, విద్యార్హత, పనివేళలు నోటీసు బోర్డులో ప్రకటించాలని ఆదేశించవచ్చు. బోధన విధులున్న అధ్యాపకుడిని ఆ స్థానంలో చూపితే అంగీకరించకుండా ఉండవచ్చు. ఎంతమందికి ఒకరు ఉండాలో అంకె వేసి రాష్ట్ర నిబంధనల్లో చేర్చాలని ప్రభుత్వానికి సిఫార్సు చేయవచ్చు. విజయవాడ ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో సైకాలజీ పీజీ విద్యార్థులకు పర్యవేక్షణతో కూడిన శిక్షణ ఏర్పాటు చేస్తే, అనుభవం లేదన్న సాకుతో వారిని తిరస్కరించే అవకాశం తగ్గుతుంది. 1986 నుంచి ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి నెలవైన నగరంలో ఇది అసాధ్యమేమీ కాదు.

కోట్ల రూపాయల ఫీజులు వసూలు చేసే ప్రాంగణంలో ఒక కౌన్సెలర్ జీతం పెద్ద భారం కాదు. ఆ జీతం మిగుల్చుకోవడానికి హోదా మార్చిన అధ్యాపకుడితో సరిపెడితే నష్టపోయేది ఉద్యోగం రాని పట్టభద్రుడు ఒక్కడే కాదు. ర్యాంకు తగ్గిన రాత్రి వసతిగృహం వరండాలో ఒంటరిగా కూర్చున్న విద్యార్థి కూడా. వారిద్దరినీ కలపవలసిన బాధ్యత పట్టిక తయారుచేయవలసిన ప్రభుత్వానిది, దాన్ని చూసి నియామకం చేయవలసిన యాజమాన్యానిది. పిల్లలను చేర్పించేటప్పుడు ర్యాంకుల జాబితాతో పాటు ‘మీ కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు’ అని తల్లిదండ్రులు అడగడం మొదలుపెడితే ఆ బాధ్యత త్వరగా గుర్తుకొస్తుంది.

(మానసిక ఒత్తిడితో బాధపడుతున్నవారు, వారి కుటుంబ సభ్యులు టెలీ-మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.)